“ధర తెలిస్తే షాక్ అవుతారు”: చీరల పోస్టుకు ఈ శీర్షిక నేర్పా, మోసమా?

చిత్రావతి (అనంతపురం)

ధర్మవరం పట్టుచీరలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక దుకాణానికి నేను పోస్టులు రాసిపెడుతుంటాను. మొన్న ఒక చీరకు “ధర్మవరం చేనేత పట్టు, పెద్ద జరీ అంచు, రూ. 11,500” అని రాసి పంపాను. యజమాని దాన్ని కొట్టేసి “ఈ పట్టుచీర ధర తెలిస్తే షాక్ అవుతారు!” అని పెట్టించారు. చూసినవాళ్ల సంఖ్య అమాంతం పెరిగింది. ఇప్పుడు ఆ సంఖ్య చూపించి “రాయడమంటే ఇదీ” అంటున్నారు. చీరలు ఎన్ని కదిలాయో మాత్రం చెప్పరు.

ఆ రకం చీరకు ఎవరైనా అటూ ఇటూగా చెప్పే ధరే అది. షాక్ ఎక్కడుంది? శీర్షిక ఆకట్టుకోవాలి, ఒప్పుకుంటాను. కానీ ఎంతవరకు? మీరేమంటారు?

బురుజు వీధి (కర్నూలు)

మీ యజమాని చెప్పిందే నాకు సబబుగా ఉంది. ఫోనులో వేలు పైకి జరుపుతూ పోయే మనిషి ముందు మన పోస్టు ఉండేది ఒక్క క్షణం. శీర్షిక చదివిన ఐదుగురిలో కింది వాక్యాలు చదివేది సగటున ఒక్కరేనని ప్రకటనల గురువు డేవిడ్ ఓగిల్వీ చెప్పింది పత్రికల కాలంలోనే. ఇప్పుడు ఫోనుల కాలంలో ఇంకెంత తక్కువో ఊహించుకోండి. ఆగని మనిషికి మీ జరీ అంచు గొప్పతనం ఎలా తెలుస్తుంది? కుతూహలం పుట్టించడం మోసం కాదు.

తరుగు మజూరి (ప్రొద్దుటూరు)

బురుజు వీధి గారూ, మా ఊరికి వచ్చి ఒక్క పూట బంగారు దుకాణాల ప్రకటనలు చదవండి. “తరుగు సున్నా!” అని పెద్ద అక్షరాలు. లోపలికి వెళ్లి బిల్లు వేయించుకుంటే ఆ తరుగు మజూరిలో కూర్చుని ఉంటుంది. ఇంకొకరు “916 హాల్‌మార్క్ గ్యారంటీ” అని అదేదో తాము ఇస్తున్న వరంలా రాస్తారు. ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్యతో హాల్‌మార్క్ వేసిన నగలనే అమ్మాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. చట్టం చేయమన్న పనిని కానుకగా ప్రకటించడం ఇది. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాకపోవడమే దీని గడుసుతనం.

జొన్నగిరి వాన (తుగ్గలి)

శీర్షిక వల్ల ఏమవుతుందో చూడాలంటే తొలకరి పడ్డాక మా వైపు రండి. జొన్నగిరి, పగిడిరాయి చుట్టుపక్కల ఎర్రనేలల్లో వాన వెలిశాక వజ్రాలు దొరకడం నిజమే. అప్పుడప్పుడు ఎవరికో ఒకరికి దొరుకుతుంది, వ్యాపారి వచ్చి కొనుక్కుని పోతాడు. కానీ ఫోనులో కనిపించేది ఏమిటి? “రాత్రికి రాత్రే కోటీశ్వరుడైన కూలీ”, “ఈ పొలంలో అడుగు పెడితే చాలు, దశ తిరిగినట్టే”. వీడియో తెరిస్తే పాత బొమ్మలు, నేపథ్యంలో హోరు, చివరిదాకా చూసినా ఏ ఊరో, ఏ రాయో, ఎంతకు అమ్మారో ఉండదు.

అది చూసి ఎక్కడెక్కడి నుంచో పిల్లాపాపలతో వస్తారు. పక్క జిల్లాల వాళ్లు, బళ్లారి వైపు వాళ్లు కూడా. చెట్ల కింద, బడి వసారాల్లో పడుకుంటారు. కూలి పనులు మానుకుని వచ్చినవాళ్లే ఎక్కువ. రాయి దొరకనివాడి గురించి ఎవరూ వీడియో తీయరు కదా! విత్తనం వేయాల్సిన సమయంలో పొలమంతా తొక్కుడు. మా నాన్న గట్టు మీద బోర్డు పెట్టాడు, ఎవరూ చదవరు. దానికీ ఒక మంచి శీర్షిక రాయాలేమో.

బురుజు వీధి (కర్నూలు)

మీ బాధ అర్థమైంది అన్నా. కానీ అది వార్తల పేరిట జరిగే వ్యవహారం. చిత్రావతి గారు అడిగింది సరుకు అమ్మే పోస్టు గురించి.

జొన్నగిరి వాన (తుగ్గలి)

ఆ ఛానెల్ అమ్మే సరుకు మీ చూపే. మధ్యలో వచ్చే ప్రకటనల డబ్బు వాళ్లకు, బస్సు ఛార్జీలు వచ్చినవాళ్లకు. తేడా నాకైతే కనబడలేదు.

వినియోగదారు (కడప)

చట్టం సంగతి కూడా చూడండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. 2022 జూన్ మార్గదర్శకాల్లో ఎర ప్రకటనల మీద విడిగా నిబంధన ఉంది: తక్కువ ధర చూపి పిలిస్తే ఆ ధరకు అమ్మగలిగినంత సరుకు ఉండాలి, పరిమితంగా ఉంటే ఆ మాట చెప్పాలి. 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకాలు ఆన్‌లైన్ అమ్మకాల్లో 13 రకాల మాయలను నిషేధించాయి. “ఇక రెండే మిగిలాయి” అని లేని తొందర పుట్టించడం వాటిలో ఒకటి.

“షాక్ అవుతారు” అన్నందుకు ఎవరూ జరిమానా వేయరు, అది వేరే విషయం. కానీ పవర్‌లూమ్ చీరకు శీర్షికలో చేనేత అని రాస్తే అది కేవలం అతిశయోక్తి అనిపించుకోదు. చిత్రావతి గారూ, మీ దుకాణం చీర మగ్గం మీద నేసిందేనా?

చిత్రావతి (అనంతపురం)

మగ్గం నేతే. అసలైన పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ గుర్తు కూడా ఉంది. అదే నా ఏడుపు. ఇన్ని నిజాలు చేతిలో పెట్టుకుని “షాక్” అని ఎందుకు రాయాలి? పైగా అవసరమైన సమాచారం దాచే శీర్షికలనూ, లేని ఆశ రేపేవాటినీ కిందికి నెట్టేస్తామని ఫేస్‌బుక్ 2016లోనే చెప్పింది. శీర్షికలో ఒకటి, లోపల ఒకటి ఉండే వీడియోలను మన దేశంలో తొలగిస్తామని యూట్యూబ్ 2024 డిసెంబరులో ప్రకటించింది.

బురుజు వీధి (కర్నూలు)

ప్రకటించడం వేరు, జరగడం వేరు. జొన్నగిరి వీడియోలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి కదా! అప్‌వర్తీ అనే అమెరికా వెబ్‌సైటు ప్రయోగించి చూసిన లక్షకు పైగా శీర్షికలను పరిశోధకులు పరిశీలించి 2023లో ఫలితాలు ప్రచురించారు. శీర్షికలో ప్రతికూల పదం ఒక్కటి చేరితే నొక్కేవారు సుమారు 2.3 శాతం పెరిగారట. జనం తీరు అది. రాసేవాడిని తిట్టి లాభం లేదు.

జరీ అంచు (ధర్మవరం)

చిత్రావతి గారు పోస్టులు రాసే ఆన్‌లైన్ చీరల దుకాణంలోనే నేను ఫోన్లు ఎత్తే మనిషిని. మీ శీర్షికల ఫలితం నా చెవిన పడుతుంది, కాబట్టి నా మాట కూడా వినండి.

“షాక్” పోస్టు పెట్టిన రోజు ఫోను ఆగదు. అందరిదీ ఒకే ప్రశ్న, “ధర ఎంత?” 11,500 అనగానే “ఓ, వెయ్యి రూపాయలకు ఇస్తున్నారేమో అనుకున్నామండీ” అని పెట్టేస్తారు. కొందరు తిడతారు కూడా. పెళ్లికని పిలిచి, గడప దాకా వచ్చాక తాళం చూపించినట్టు ఉంటుంది వాళ్లకు. నిజంగా కొనాలని చేసినవారికి లైను దొరకదు. ధర రాసిన పోస్టుకు ఫోన్లు తక్కువే, కానీ వాళ్లు అడిగేవి వేరు: కొంగు చూపించండి, జాకెట్టు ముక్క ఉందా, శుక్రవారానికి అందుతుందా. ఈ ప్రశ్నలు అడిగే మనిషి కొంటుంది. శీర్షికలో ధర ఒక వడపోత బురుజు వీధి గారూ. ఎంతమంది ఆగారన్నది మీ లెక్క, ఎవరు ఆగారన్నది నా లెక్క.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. యజమానులు ధర దాచేది కుతూహలం కోసమే కాదు. ధర కనిపిస్తే పక్క దుకాణం అదే ఫొటో దింపుకుని రెండు వందలు తగ్గించి పెడుతుంది. ఆ భయానికి నా దగ్గర మందు లేదు.

బురుజు వీధి (కర్నూలు)

ఈ మాట బాగుంది. అయినా చిత్రావతి గారి మొదటి శీర్షిక కూడా నాకు నచ్చలేదు, చెప్పేస్తాను. అది శీర్షికలా లేదు, బిల్లు మీది వరుసలా ఉంది. నిజం చెప్పేవాళ్లు ఇంత చప్పగా రాస్తే అబద్ధం రాసేవాడు గెలవక ఏమవుతాడు? 1958లో రోల్స్ రాయిస్ కారుకు ఓగిల్వీ రాసిన శీర్షిక చూడండి: గంటకు 60 మైళ్ల వేగంలో ఈ కారులో వినిపించే పెద్ద శబ్దం గడియారానిదే అని. దాచింది ఏమీ లేదు, అరుపూ లేదు. అయినా కింద ఏముందో చదవాలనిపిస్తుంది. మీ చీరలో అలాంటి సంగతి ఒక్కటైనా లేదా?

చిత్రావతి (అనంతపురం)

ఉంది. అంచు మీది బొమ్మలు లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు చిత్రాల నుంచి తీసుకున్నవి. నేత మనిషి చెప్పాడు. నేను దాన్ని ఐదో వాక్యంలో పెట్టాను.

జరీ అంచు (ధర్మవరం)

ఐదో వాక్యంలోనా! ఫోనులో దాన్ని ఒక్కరు కూడా అడగలేదంటే అందుకే.

చిత్రావతి (అనంతపురం)

సరే, ఇలా రాస్తే?

“లేపాక్షి పైకప్పు బొమ్మలు ఈ పట్టు అంచులో: ధర్మవరం చేనేత, రూ. 11,500”

తరుగు మజూరి (ప్రొద్దుటూరు)

జీఎస్టీ కలిపా, విడిగానా?

చిత్రావతి (అనంతపురం)

కలిపే. కొరియరు ఖర్చు మాత్రం వేరు, మొదటి వాక్యంలోనే రాస్తాను.

వినియోగదారు (కడప)

ఆ ధరకు ఆ చీరలు ఎన్ని ఉన్నాయి?

చిత్రావతి (అనంతపురం)

మూడు. నాలుగోది మగ్గం మీద ఉంది.

వినియోగదారు (కడప)

అయితే “మూడే ఉన్నాయి” అని నిక్షేపంగా రాయండి, అది లేని తొందర కాదు. మూడూ అమ్ముడుపోయిన రోజే పోస్టు తీసేయాలి మరి.

బురుజు వీధి (కర్నూలు)

తీసేయడానికి యజమాని ఒప్పుకుంటే కదా! అప్పటికి చూసినవాళ్ల సంఖ్య ఇంకా పెరుగుతూ ఉంటుంది.