బోయింక్ వేశాను, పని అంగుళం కదలడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి

అర్ధరాత్రి_టార్చి: పొద్దున పదింటి నుంచి దీంతోనే కూర్చున్నానండి, బుర్ర వేడెక్కిపోయింది. మన కంప్యూటర్‌తో సైన్సు లెక్కలు చేయించే బోయింక్ సాఫ్ట్‌వేర్ వేశాను, అంతరిక్ష డేటాను జల్లెడపట్టే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ప్రాజెక్టులో చేరాను, పనులు (లెక్కల ముక్కలు) కూడా దిగాయి. కానీ అన్నీ సున్నా శాతం దగ్గరే ఉన్నాయి. 'సస్పెండెడ్' అంటోంది. నేనేమీ ఆపలేదు. మూడుసార్లు తీసేసి మళ్లీ వేశాను. నెట్ బాగానే ఉంది. ఇంకేం చేయాలి?

మీటర్_రీడింగ్: ముందు కరెంటు లెక్క చూసుకోండి. 100 వాట్లు లాగే మెషిన్ రోజంతా నడిస్తే 2.4 యూనిట్లు, నెలకు 72. శ్లాబు మారిందంటే సైన్సు సంగతి తర్వాత, ముందు ఇంట్లోవాళ్లకు జవాబు చెప్పాలి.

పాత_నెట్‌సెంటర్: ఆహా, ఏం గుర్తు చేశారండీ! 1999లో, గ్రహాంతరవాసుల సంకేతాలు వెతికే సెటీ ఎట్ హోమ్ ప్రాజెక్టు వచ్చిన కొత్తలో మా నెట్ సెంటర్‌లో ఎనిమిది మెషిన్లకూ అదే స్క్రీన్‌సేవర్. రంగుల గ్రాఫులు లేస్తుంటే "అన్నా, గ్రహాంతరవాళ్లు దొరికారా?" అని గంటకొకడు అడిగేవాడు. 2020 మార్చి 31 నుంచి కొత్త పనులు పంపడం మానేశారు. ఆ రోజు నిజంగా బాధేసింది.

కోనసీమ_67: సస్పెండెడ్ పక్కన కారణం ఉంటుంది. అది పెట్టండి.

అర్ధరాత్రి_టార్చి: గీత తర్వాత ఉన్నదా? 'ఆన్ బ్యాటరీస్'.

కోనసీమ_67: ల్యాప్‌టాప్ అని చెప్పలేదే.

అర్ధరాత్రి_టార్చి: ఇంట్లో ఇంకేముంటుందండీ! ఛార్జరు పెట్టే ఉంది.

పాత_నెట్‌సెంటర్: ఇలాంటి ల్యాప్‌టాప్‌లన్నీ కలిస్తేనే సూపర్ కంప్యూటర్. 2020లో కరోనా ప్రొటీన్ల లెక్కల కోసం జనం ఇలాంటిదే ఫోల్డింగ్ ఎట్ హోమ్ ప్రాజెక్టులో పడ్డప్పుడు ఎక్సాఫ్లాప్ (సెకనుకు లక్ష కోట్లకు పది లక్షల రెట్లు లెక్కలు) దాటింది.

ముక్కుసూటి: సూపర్ కంప్యూటర్ అనకండి. అందులో ప్రాసెసర్లు క్షణక్షణం ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఇక్కడ మీ ముక్క మీది, నా ముక్క నాది. అలా ముక్కలు చేయగలిగిన లెక్కలకే ఇది పనికొస్తుంది.

పాత_నెట్‌సెంటర్: పేరు ఏదైతేనేం? 2010లో ఇదే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్‌లో, అరెసిబో రేడియో టెలిస్కోపు డేటాలో కొత్త పల్సార్‌ను (గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రాన్ని) పట్టింది అమెరికాలోని ఐయోవాలో ఒక దంపతుల కంప్యూటరు, జర్మనీలో ఇంకొకరిది.

ముక్కుసూటి: ఇద్దరూ ఎందుకో కూడా చెప్పండి మరి. ఊరూపేరూ లేని మెషిన్ ఇచ్చిన జవాబును నమ్మలేరు కాబట్టి, ఒకే పనిని ఇద్దరికి ఇచ్చి సరిచూస్తారు. సూపర్ కంప్యూటర్‌కు ఆ గొడవ ఉండదు.

మీటర్_రీడింగ్: అంటే ఒక్క లెక్కకు రెండిళ్ల కరెంటు!

కోనసీమ_67: టార్చి గారూ, బ్యాటరీ బొమ్మ మీద ప్లగ్గు గుర్తు కనిపిస్తోందా?

అర్ధరాత్రి_టార్చి: కనిపిస్తుంది, పోతుంది. గోడ సాకెట్ లూజు. ఎప్పుడూ అగ్గిపుల్ల దోపుతాను, ఇవాళ జారిపోయినట్టుంది.

మీటర్_రీడింగ్: అగ్గిపుల్లా?! ముందు ఆ సాకెట్ మార్పించండి మహాప్రభో.

అర్ధరాత్రి_టార్చి: వంటింటి సాకెట్‌కు పెట్టాను. ఇప్పుడు 'సీపీయూ ఈజ్ బిజీ' అంటోంది. దీనికేం రోగం?

కోనసీమ_67: వేరే ప్రోగ్రాములు ప్రాసెసర్‌ను 25 శాతం దాటి వాడితే బోయింక్ తనే పక్కకు తప్పుకుంటుంది. బ్రౌజర్ మూయండి. ఎన్ని ట్యాబ్‌లున్నాయి?

అర్ధరాత్రి_టార్చి: నలభై దాకా. అందులో సగం దీని గురించి వెతికినవే.

ముక్కుసూటి: బోయింక్ అనేది ప్రాజెక్టు కాదని కూడా కొత్తవాళ్లకు చెప్పాలి. అది పనులు పంచే సాఫ్ట్‌వేర్ మాత్రమే, అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీవాళ్లు...

అర్ధరాత్రి_టార్చి: 0.4 శాతం. కదిలింది. థాంక్సండీ, అన్నానికి పిలుస్తున్నారు.