అప్‌డేట్: అమ్మానాన్నలతో బాసెల్ వెళ్లొచ్చాం

షెంగెన్ వీసాతో (ఒకే వీసా, చాలా యూరప్ దేశాలకి పనికొస్తుంది) స్విట్జర్లాండ్ సరిహద్దులోని బాసెల్ నుంచి జర్మనీ, ఫ్రాన్స్ కూడా చూడొచ్చా, పెద్దవాళ్లతో కుదురుతుందా అని అడిగాను కదా. భేషుగ్గా కుదిరింది. 8వ నంబరు ట్రామెక్కి నేరుగా జర్మనీలోని వైల్ ఆమ్ రైన్‌లో దిగాం. పాస్‌పోర్టులు దగ్గరే పెట్టుకోండి, తనిఖీ ఉండొచ్చు. తిరుగు ట్రామంతా సరుకుల సంచులే, చుట్టూ టర్కిష్, తమిళం, స్విస్ జర్మన్ మాటలు. స్విస్ ధరలు చూశాక, సరుకులకి జర్మనీ వెళ్లొచ్చేవాళ్లనేం అనగలం! ఫ్రాన్స్‌లోని సెయింట్ లూయీకి 3వ నంబరు. అక్కడ మాకు పెద్దగా ఏం నచ్చలేదు.

నాన్న మనసు పారేసుకున్నది రైన్ నది దాటించే రేవు పడవ మీద. ఇంజనుండదు. నదికి అడ్డంగా కట్టిన తీగకి తగిలించి ఉంటుంది, పడవాయన చుక్కాని తిప్పగానే ప్రవాహమే అవతలి ఒడ్డుకి తోసేస్తుంది. గోదావరి మీద ఇలాంటివి పెట్టరేం అని ఒకటే గొడవ. హోటల్లో దిగితే బాసెల్‌కార్డ్ ఇస్తారు, ఊళ్లో ట్రామ్ టికెట్ కొనక్కర్లేదు.