రూబీ ప్రోగ్రామింగ్ భాషలో తేదీ ఖాళీగా ఉన్నప్పుడు ఎలా చూపించాలి?

అందరికీ నమస్తే. సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన డేటా ఫైల్) చదివి ఆర్డర్ల డెలివరీ తేదీలను రోజు-నెల-సంవత్సరం వరుసలో చూపించే చిన్న స్క్రిప్ట్ రాస్తున్నాను. రైల్స్ ఫ్రేమ్‌వర్క్ లేదు, ఉత్త రూబీ 3.2. ఇంకా డెలివరీ కాని ఆర్డర్లకు తేదీ ఉండదు కదా, అక్కడ నిల్ (అంటే విలువే లేదని) మీద, తేదీని కావాల్సిన రూపంలో రాసే స్ట్ర్‌ఎఫ్‌టైమ్ మెథడ్ పిలవగానే నోమెథడ్‌ఎర్రర్ వచ్చి మొత్తం ఆగిపోతోంది.

చుక్కకు ముందు యాంపర్‌సాండ్ పెడితే ఎర్రర్ పోయింది. కానీ అప్పుడు "డెలివరీ తేదీ:" అని లేబుల్ ఒక్కటే మిగిలి, పక్కన ఖాళీ. చివర రెండు నిలువు గీతలు పెట్టి "ఇంకా లేదు" అని చేర్చాను, అంతవరకు బాగానే ఉంది.

అసలు తలనొప్పి వేరే. రెండు కామాల మధ్య ఏమీ లేకపోతే సీఎస్‌వీ లైబ్రరీ నిల్ ఇస్తోంది, అక్కడే ఖాళీ కోట్లు ఉంటే ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరం కూడా లేని టెక్స్ట్) ఇస్తోంది. నా ఫైల్‌లో రెండు రకాలూ ఉన్నాయి! టెక్స్ట్‌ను తేదీగా మార్చే డేట్ క్లాస్ పార్స్ మెథడ్‌కి మొదటిది ఇస్తే టైప్‌ఎర్రర్, రెండోది ఇస్తే చెల్లని తేదీ అంటుంది. ఎర్రర్లను పట్టుకునే రెస్క్యూతో రెండూ మింగేయొచ్చు గానీ, ఎవరైనా ఫిబ్రవరి 30 అని కొట్టినా అదీ "ఇంకా లేదు"లో కలిసిపోతుంది. అది నాకు అస్సలు వద్దు.

ఖాళీ స్ట్రింగ్‌లను ఫైల్ చదివేటప్పుడే నిల్‌గా మార్చేసే ఆప్షన్ ఏదైనా ఉందా, లేక ప్రతి వరుసకూ నేనే చూసుకోవాలా? ఇంకోటి, తేదీ లేని ఆర్డర్లు జాబితా చివరికి రావాలంటే వరుసలో పెట్టే సార్ట్‌బై మెథడ్‌లో ఏం ఇవ్వాలి? ఇప్పుడైతే నిల్‌తో పోల్చలేనని అక్కడా ఆగిపోతోంది.