చెన్నై నుంచి డల్లాస్‌కు అసలు ఎన్ని గంటలు? టికెట్ లెక్క తేలడం లేదు

కావలి_అబ్బాయి:
అక్టోబరు మొదట్లో అమ్మానాన్నలు డల్లాస్‌లో ఉన్న అక్క దగ్గరికి పురిటికి సాయంగా వెళ్తున్నారు. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. చెన్నైలో రాత్రి 9:45కి ఎక్కి, దుబాయ్‌లో 12:30కి దిగి, మళ్ళీ 2:40కి బయలుదేరితే ఉదయం 10:05కి డల్లాస్ అని టికెట్‌లో ఉంది. పన్నెండు గంటల చిల్లరే కదా అంటారు నాన్న, అక్కేమో దాదాపు ఒక రోజు అంటోంది. పైగా దుబాయ్ మీదుగా పోతే చుట్టూ తిరిగినట్టు కాదా? అమ్మకు షుగరు, మోకాళ్ళ నొప్పులు, అందుకే ఇంత టెన్షన్.

గూడూరు_రైలుకట్ట:
అక్క చెప్పిందే నిజం. టికెట్‌లో ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, డల్లాస్ అక్టోబరులో పదిన్నర గంటలు వెనక. పైకి కనిపించే 12 గంటల 20 నిమిషాలకి ఆ పదిన్నర గంటలు కలిపితే 22 గంటల 50 నిమిషాలు. అందులో దుబాయ్‌కి 4:15, అక్కడ ఆగేది 2:10, మిగతా 16:25 ఒకే సీట్లో.

చుట్టు గురించి దిగులొద్దు. నేరుగా కొలిస్తే చెన్నై-డల్లాస్ సుమారు 14,900 కి.మీ. దుబాయ్ మీదుగా అయితే 2,900, ఆపైన 12,900, మొత్తం 15,800. ఎక్కువయ్యేది 900, విమానానికి గంట దారి. గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పట్టి చూడు, ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది.

కావలి_అబ్బాయి:
థాంక్స్ అన్నా. మరి తిరుగు టికెట్‌లో డల్లాస్-దుబాయ్ 14 గంటల 15 నిమిషాలే పడుతోంది, రెండు గంటలు ఎలా తగ్గింది?

గూడూరు_రైలుకట్ట:
అంత ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు జోరుగా వీస్తుంది. వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, పోయేటప్పుడు ఎదురు తగులుతుంది.

నెల్లూరు_సుధమ్మ:
నాయనా, గంటల కంటే దుబాయ్‌లో ఆగే ఆ 2:10 చూసుకో. దుబాయ్ ఎయిర్‌పోర్టు చాలా పెద్దది, మళ్ళీ సెక్యూరిటీ చెక్ కూడా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్న మనిషి అంత టైములో గేటు దాకా నడవలేదు. టికెట్ మార్చే వీలుంటే మూడు నాలుగు గంటలు ఆగేది తీసుకో. వీల్‌చైర్ ఇప్పుడే అడిగి పెట్టు, డబ్బులేం తీసుకోరు. మా అత్తగారికి తెలుగు తప్ప ఇంకో మాట రాదు, వీల్‌చైర్ తోసే అబ్బాయే టికెట్ చూసి గేటు దగ్గర కూర్చోబెట్టాడు. షుగరు మాత్రలు, చీటీ చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో వెయ్యొద్దు. మాత్రలు ఏ టైముకు వేసుకోవాలో డాక్టర్‌ని ముందే అడగండి, పగలు రాత్రి తారుమారవుతాయి. ఆ పదహారు గంటల్లో మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెయ్యమను, లేకపోతే కాళ్ళు వాస్తాయి.

తడ_డ్రైవర్:
కారులో కావలి నుంచి మీనంబాకం (చెన్నై ఎయిర్‌పోర్టు) దాకా ఐదు గంటలు పెట్టుకోండి, మూడు గంటలు ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలి. రెడ్‌హిల్స్ దాటాక సిటీలోకి పోకుండా పుళల్ దగ్గర బైపాస్ ఎక్కండి, సాయంత్రం పూట సిటీలో ఇరుక్కుంటే అంతే సంగతులు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఇంట్లోంచి కదలండి.