సంఘకాపరి అభిషేకానికి సెమినరీ పట్టా తప్పనిసరి చేయాలా?

కొత్తచిగురు:
అందరికీ వందనములు. మా సంఘ పెద్దల ముందుకు ఒక తీర్మానం వచ్చింది. డిగ్రీ తరువాత సెమినరీలో, అంటే వేదాంత కళాశాలలో, మూడేళ్లు చదివే మాస్టర్ ఆఫ్ డివినిటీ, అదే ఎం.డివ్., పూర్తి చేయనివారికి ఇకమీదట కాపరిగా అభిషేకం ఇవ్వకూడదన్నది దాని సారాంశం. మా మధ్య ఏడేళ్లుగా వాక్యం చెబుతున్న సోదరుడు ఒకరు ఉన్నారు. ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న ఆయన అన్నీ వదులుకొని మూడేళ్లు చదువుకు వెళ్లలేరు. తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో సంఘ అధ్యక్షుని లక్షణాలు చెబుతూ పౌలు ‘బోధింపతగినవాడు’ అన్నాడే గాని ఆ తగినతనం ఎక్కడ సంపాదించాలో చెప్పలేదు. నాకు ఈ తీర్మానం అన్యాయంగా తోస్తోంది. పెద్దలలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఓటు వేసేముందు మీ అభిప్రాయాలు తెలుసుకోవాలనుకుంటున్నాను.

వాక్యార్థి:
నేను తీర్మానాన్ని సమర్థిస్తాను. ప్రతి మేత్రాసనంలోనూ, అంటే బిషప్ పాలించే ప్రతి ప్రాంతంలోనూ, సంఘ గురువులను తయారుచేసే విద్యాలయం ఉండాలని కతోలికుల ట్రెంట్ మహాసభ 1563లో శాసించింది. అంతకు నాలుగేళ్ల ముందే ప్రొటెస్టంటు సంస్కర్త కాల్విన్ జెనీవాలో అకాడమీ తెరిచాడు. సిద్ధాంతాల మీద అంతగా కలహించిన రెండు పక్షాలూ చదువులేని బోధకుని వల్ల సంఘానికి కలిగే చేటు విషయంలో మాత్రం ఒకే మాట మీదికి వచ్చాయి.

ఆ చేటు ఎలాంటిదో ఒక ఉదాహరణ చెబుతాను. యోహాను సువార్త 21వ అధ్యాయంలో ‘నన్ను ప్రేమించుచున్నావా’ అని యేసు పేతురును మూడుసార్లు అడుగుతాడు. గ్రీకులో మొదటి రెండుసార్లు అగపావో అనే క్రియ, మూడోసారి ఫిలియో అనే క్రియ ఉన్నాయి. పేతురు జవాబులన్నీ ఫిలియోతోనే. దీన్ని పట్టుకొని మొదటిది దైవప్రేమ, రెండోది వట్టి స్నేహం అని గంటసేపు చెప్పే ప్రసంగాన్ని వినని విశ్వాసి ఉండరేమో. అయితే అదే సువార్తలో తండ్రి కుమారుని ప్రేమిస్తున్నాడని చెప్పేచోట 3:35లో మొదటి క్రియ, 5:20లో రెండోది కనిపిస్తాయి. రెండు అధ్యాయాలు దాటేసరికి తండ్రి ప్రేమ తగ్గిపోయిందనుకోవాలా? నిఘంటువు తెరిస్తే మాటకు అర్థం దొరుకుతుంది; రచయిత ఆ మాటను ఎలా వాడుతున్నాడో తెలియాలంటే మాత్రం మూలభాషలో గ్రంథమంతా చదవాలి, తప్పు చదివినప్పుడు ఆపి దిద్దే గురువు ఎదురుగా ఉండాలి.

పగటిపని:
వాక్యార్థి గారూ, మీరు చెప్పిన ఆ ప్రసంగాన్ని నేను రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ చెప్పింది ఎం.డివ్. చేసిన కాపరులే. సెమినరీలో నేర్చిన గ్రీకు, ఆదివారాల ఒత్తిడిలో రెండేళ్లు తిరగకముందే చాలామందికి మరుపున పడుతుంది. అపొస్తలుల కార్యములు 4:13లో పేతురును, యోహానును విద్యలేని పామరులని యూదుల మహాసభవారు గ్రహించారు, వారి ధైర్యం చూసి ఆశ్చర్యపోయారు. లండన్‌లో వేలమందికి బోధించిన స్పర్జన్ ఏ వేదాంత కళాశాలలోనూ చదవలేదు. అమెరికా సువార్తికుడు డి.ఎల్. మూడీ అయితే అభిషేకమైనా పొందలేదు.

నా అసలు అభ్యంతరం వేరే ఉంది. మూడేళ్లు ఇల్లు, సంఘం వదిలివెళ్లినవాడు వెళ్లినవాడిలా తిరిగిరాడు. కొందరు అసలు తిరిగిరారు. గ్వాతెమాలాలోని ప్రెస్బిటేరియన్ సెమినరీ ఈ చిక్కును గుర్తించి 1963లో పద్ధతి మార్చింది. విద్యార్థిని రప్పించడం మాని, చదువునే అతడు పనిచేసుకుంటూ సంఘాన్ని నడుపుతున్న చోటికి పంపింది. ఇంటివద్ద పాఠం చదువుకోవడం, నిర్ణీత రోజుల్లో అధ్యాపకుని సమక్షంలో కూడి చర్చించడం ఆ పద్ధతి. అది ఆ తరువాత ఎన్నో దేశాలకు పాకింది.

వాక్యార్థి:
స్పర్జన్ పేరు ఎత్తారు కాబట్టి ఒక్కమాట. 1856లో కాపరుల కళాశాల స్థాపించింది ఆయనే కదా! తాను లేకుండానే నెగ్గుకొచ్చిన చదువును ఇతరులకు ఎందుకు పెట్టినట్టు?

పగటిపని:
నిజమే, స్థాపించారు. కానీ అక్కడ చేరడానికి పట్టా అడగలేదు. అప్పటికే బోధిస్తున్నవారిని తీసుకొని పదునుపెట్టారు. కొత్తచిగురు గారి సంఘంలోని సోదరునికి కావలసింది సరిగ్గా అదే.

సాయంకాలం:
నేను సెమినరీలో చదివి, ముప్పై ఏళ్లు కాపరిగా ఉండి విరమించినవాణ్ణి. ఇద్దరూ గ్రీకు చుట్టూ తిరుగుతున్నారు. నన్ను మార్చిన తరగతి అది కాదు.

ఆసుపత్రిలో రోగులను దర్శిస్తూ నేర్చుకునే శిక్షణ ఒకటి ఉంది. 1925లో అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనే బోధకుడు ఒక మానసిక వైద్యశాలలో వేదాంత విద్యార్థులతో ఆరంభించినది. రోగితో జరిగిన సంభాషణను మాటకు మాట, మధ్యలో వచ్చిన మౌనాలతో సహా కాగితం మీద పెట్టి, తోటి విద్యార్థుల ముందు చదవాలి. మరణానికి దగ్గరైన ఒక వృద్ధురాలు ‘నాకు భయంగా ఉంది బాబూ’ అన్నదని, నేను వెంటనే 23వ కీర్తన చదివానని రాసుకొచ్చాను. మంచిపనే చేశాననుకున్నాను. శిక్షకుడు ఆ పంక్తి మీద వేలుపెట్టి, ‘ఆ కీర్తన ఎవరి భయం తీర్చడానికి చదివావు?’ అని అడిగారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు జవాబు నాకు వెంటనే తెలిసింది, చెప్పడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఏడేళ్లుగా వాక్యం చెబుతున్న సోదరుణ్ణి సంఘంలో ఎవరైనా ఇలా నిలదీశారా? సంఘం కాపరిని గౌరవిస్తుంది, లేదా విమర్శిస్తుంది, దిద్దడం అరుదు. కాబట్టి చదువు తప్పనిసరి అంటాను, పట్టా తప్పనిసరి అనను.

కొత్తచిగురు:
సాయంకాలం గారి ప్రశ్న నాకు సూటిగా తగిలింది. నిజం చెప్పాలంటే మేము ఆ సోదరుణ్ణి మెచ్చుకోవడమే తప్ప ఒక్కసారీ దిద్దలేదు. నిన్న ఆయనతో కూర్చొని మత్తయి 28:19, 20 చదివాం. మన అనువాదంలో ‘శిష్యులనుగా చేయుడి’, ‘బోధించుడి’ అని రెండు ఆజ్ఞలు కనిపిస్తాయి. గ్రీకులో ఆజ్ఞారూపంలో ఉన్నది మొదటిది ఒక్కటేనని, వెళ్లడం, బాప్తిస్మమివ్వడం, బోధించడం దానికి ఆనుకొని ఉన్న అసమాపక రూపాలని ఒక వ్యాఖ్యానంలో చూసి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ‘ఇది నాకు ముందే తెలిసి ఉంటే పోయిన నెల ప్రసంగం వేరేలా ఉండేది’ అన్నారు. చదువు కావాలని ఆయనే అడుగుతున్నారు.

పెద్దల సభలో సవరణ ప్రతిపాదించబోతున్నాను: ఎం.డివ్. బదులు మూలభాషల పరిచయం, సంఘచరిత్ర, పర్యవేక్షణలో ఆసుపత్రి పరిచర్య నిబంధనలుగా పెట్టి, సేవ మానకుండా పూర్తి చేయడానికి ఐదేళ్లు గడువు ఇవ్వాలని. రుసుము సంఘమే భరించాలని కూడా చేర్చాను. అసలు వాదన అక్కడే వస్తుందని నా అనుమానం.