1920 పోలెండ్–రష్యా యుద్ధంలో తప్పెవరిది? మా ఇంట్లో తాతకీ మనవడికీ మాటల్లేవు

వేగావతి (బొబ్బిలి):
మా తమ్ముడు వార్సాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఆగస్టు 15న వీడియో కాల్ చేసి "అక్కా, ఇక్కడా ఈరోజు సెలవే, మిలటరీ కవాతు కూడా ఉంది" అన్నాడు. వాళ్లకీ స్వాతంత్ర్య దినమేనా అంటే కాదట. 1920లో వార్సా గుమ్మం దాకా వచ్చిన రష్యా ఎర్రసైన్యాన్ని తిప్పికొట్టినందుకు చేసుకునే పండగట.

పక్కనే పడక్కుర్చీలో ఉన్న మా తాతయ్య ఆ మాట విని లేచి కూర్చున్నారు. ఆయన పాత పార్టీ మనిషి. విశాలాంధ్ర పుస్తకాల బండి వచ్చినప్పుడల్లా కొన్న సోవియట్ పుస్తకాలు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో కలరా ఉండలేసి దాచుకున్నారు. "ముందు ఉక్రెయిన్‌లో కీవ్ మీద పడిందెవర్రా? భూస్వాముల కోసం చేసిన యుద్ధం అది" అని కేకలేశారు. వాడూ తగ్గలేదు. "123 ఏళ్లు పరాయి పాలనలో ఉండి అప్పుడే బయటపడ్డారు తాతయ్యా, రెండేళ్లు తిరక్కుండా మళ్లీ మింగడానికి వచ్చారు" అన్నాడు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు, మధ్యలో నేను నలిగిపోతున్నాను.

అసలు ఎవరు మొదలుపెట్టారు? పేదల సైన్యం అని చెప్పుకుని వస్తే అక్కడి పేద రైతులు ఎందుకు కలవలేదు? ఈ రెండోది తెలిస్తేనే తాతయ్యతో మాట్లాడగలను. తెలిసినవాళ్లు చెప్పండి.

పార్వతీపురం మాస్టారు:
అమ్మా, మీ తాతగారి మాటా నిజమే, తమ్ముడి మాటా నిజమే. ఇద్దరూ మాట్లాడుతున్న నెలలు వేరు. ఏప్రిల్, మేలలో పోలెండ్ చేసింది దండయాత్ర. జులై, ఆగస్టుల్లో అదే పోలెండ్ చేసింది ఆత్మరక్షణ. ఏడాది మొత్తానికీ ఒకటే తీర్పు కావాలంటే మాత్రం తేలదు.

1918 నవంబరు 11న పోలెండ్ నాయకుడు పిల్సూద్‌స్కీ వార్సాలో పగ్గాలు పట్టాడు. 1795లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి ఆఖరి ముక్క కూడా పంచేసుకున్నాక మ్యాపులోనే లేకుండా పోయిన దేశం అది. తూర్పు సరిహద్దు ఎక్కడుందో ఎవరూ గీయలేదు. జర్మన్ సైన్యం ఖాళీ చేసిపోతుంటే ఆ జాగాలోకి అటు నుంచి ఎర్రసైన్యం, ఇటు నుంచి పోలిష్ దళాలు వచ్చి 1919 ఫిబ్రవరిలో ఎదురెదురు పడ్డాయి. ఎవరు గీత దాటారని అడగడానికి అప్పటికి గీతే లేదు.

1920 ఏప్రిల్ సంగతి అలాంటిది కాదు. పిల్సూద్‌స్కీ ఉక్రెయిన్ నాయకుడు పెట్ల్యూరాతో ఒప్పందం చేసుకుని, కావాలనే తూర్పుకి నడిచాడు. మే 7న అతని సేనలు కీవ్‌లో ఉన్నాయి. రష్యాకీ తనకీ నడుమ ఒక స్నేహదేశం ఉండాలని ఆయన లెక్క. కానీ యుద్ధాలతో విసిగిపోయిన ఉక్రెయిన్ రైతు ఆయన వెనక రాలేదు. జూన్‌లో కీవ్ వదిలేసి వెనక్కి రావాల్సొచ్చింది. ఇక్కడివరకు నేను మీ తాతగారి పక్షమే.

జులై 4న ఎర్రసైన్యం సేనాని తుఖాచెవ్‌స్కీ ఎదురుదాడి మొదలెట్టాడు. అప్పటికి అతనికి 27 ఏళ్లు. జులై 11న బ్రిటన్ రాయబారం పంపి, ఫలానా గీత దగ్గర ఆగిపొమ్మంది. దానికి కర్జన్ రేఖ అని పేరు. 1905లో బెంగాల్‌ని చీల్చిన మన కర్జన్ దొరే, అప్పుడు విదేశాంగ మంత్రి. మాస్కో ఒప్పుకోలేదు. లెనిన్ చూపు వార్సాని దాటి బెర్లిన్ మీద ఉంది. పోలెండ్ మీదుగా జర్మన్ కార్మికులను చేరుకుంటే యూరప్ అంతా విప్లవం అంటుకుంటుందని ఆశ. ఆశ పెద్దదే, కానీ దారిలో ఉన్న దేశాన్ని ఎవరూ అడగలేదు. ఆ గీత దాటి వచ్చారు కాబట్టే ఆగస్టు యుద్ధాన్ని నేను ఆత్మరక్షణ అంటున్నాను.

ఇక రైతుల సంగతి. జులై 30న బియాలిస్తోక్ ఊళ్లో ఎర్రసైన్యం అండతో పోలిష్ విప్లవ కమిటీ అని ఒకటి వెలిసింది. మార్ఖ్లెవ్‌స్కీ, జెర్జిన్‌స్కీ అందులో ముఖ్యులు, ఇద్దరూ పోలెండ్ బిడ్డలే. భూస్వాముల భూములు ఇక ప్రజలవి అని ప్రకటించారు. కానీ చెక్కలుగా కోసి రైతు చేతికి ఇవ్వలేదు, పెద్ద కమతాలను కమిటీల కింద ఉమ్మడిగానే ఉంచాలనుకున్నారు. సరిగ్గా అదే జులైలో, 15వ తేదీన, వార్సా పార్లమెంటు భూసంస్కరణ చట్టం చేసింది. ఒక్కో ఆసామికి ప్రాంతాన్ని బట్టి 60 నుంచి 400 హెక్టార్ల వరకే, మిగతాది పంచాలి అని. 24న విన్సెంతీ వీతోస్ ప్రధాని అయ్యాడు. ఆయన పల్లెటూరి రైతు. ఎంత పెద్ద సభకైనా టై కట్టుకోకుండానే, మోకాళ్ల దాకా బూట్లేసుకుని వచ్చేవాడు. ఆ మనిషే రైతుల్ని సైన్యంలోకి రమ్మని పిలిచాడు. తర్వాత ఆ చట్టం అమలు నత్తనడక నడిచింది, అది వేరే కథ. పిలుపొచ్చిన రోజున మాత్రం రైతు కళ్ల ముందు ఒక పక్క తన పేర రాబోయే చెక్క ఉంది, ఇంకో పక్క ఉమ్మడి కమతం, దాని వెనక రష్యన్ మాట్లాడే సైన్యం ఉన్నాయి.

నేను గుమ్మలక్ష్మీపురం వైపు ఊళ్లలో పనిచేశాను. 1968 నాటి గిరిజన పోరాటం రోజుల గురించి అక్కడి ముసలివాళ్లని కదిపితే, జెండా కన్నా ముందు షావుకారి అప్పులో పోయిన భూమి గురించే చెబుతారు. ఏ గట్టు దగ్గర మొదలై ఏ చింతచెట్టు దగ్గర ఆగేదో కూడా చూపిస్తారు. మీ తాతగారికి ఈ మాట నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆమదాలవలస ఫౌజీ:
చెల్లెమ్మా, నేను సిగ్నల్స్‌లో చేసి రిటైరైనవాణ్ణి. మాస్టారు భూమి సంగతి చెప్పారు, నేను రేడియో సంగతి చెప్తాను. ఏటి జరిగిందంటే, రష్యన్లు వైర్‌లెస్‌లో పంపే రహస్య సందేశాలను పోలిష్ వాళ్లు 1919 ఆగస్టు నుంచే చదివేస్తున్నారు. యాన్ కొవాలెవ్‌స్కీ అనే కుర్ర లెఫ్టినెంటు మొదటి సైఫర్ (రహస్య లిపి) విప్పాడు. ఆనక వార్సా యూనివర్సిటీ నుంచి లెక్కల ప్రొఫెసర్లను తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. అందులో సియెర్పిన్‌స్కీ ఒకరు. త్రిభుజంలో త్రిభుజం, దాన్లో మళ్లీ త్రిభుజం వేస్తారే, ఆ బొమ్మ ఆయన పేరుదే.

తుఖాచెవ్‌స్కీ దక్షిణం పక్క పల్చగా ఉందని, ఎర్రసైన్యంలోని బుద్యోన్నీ గుర్రపు దళం దక్షిణాన ల్వూవ్ ఊరి దగ్గరే ఇరుక్కుపోయిందని వాళ్లకి తెలుసు. ఆ దళాన్ని ఉత్తరానికి పంపించే ఆర్డరు మీద, అప్పుడు ఆ వైపు సైన్యానికి పార్టీ ప్రతినిధిగా ఉన్న స్టాలిన్ సంతకం పెట్టలేదు. ఆ పల్చటి చోటనే, వియెప్ష్ నది వైపు నుంచి, ఆగస్టు 16న పిల్సూద్‌స్కీ కొట్టాడు. దానికి ముందురోజే వార్సాకి ఉత్తరాన చెహనూఫ్ ఊళ్లో పోలిష్ గుర్రపు రౌతులు పడేసరికి ఎర్ర 4వ ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ రేడియో స్టేషన్ తగలబెట్టుకుని పారిపోయింది. ఆ దెబ్బతో ఆ ఆర్మీకి పైనుంచి కబురు అందక, వెనక్కి తిరగాల్సిన టైములో పడమటికే పోతా ఉంది. సెట్టు పోతే ఆర్మీ గతి ఏటవుతుందో మాలాంటోళ్లకి తెలుసు. చివరికి అందులో వేలమంది జర్మనీవాళ్ల తూర్పు ప్రష్యాలోకి దాటి ఆయుధాలు అప్పజెప్పేశారు.

నాగావళి గట్టు:
అందరూ వార్సా కథే చెబుతున్నారు, ఆ తర్వాతది కూడా చెప్పాలి కదా. పోలిష్ శిబిరాల్లో 16 నుంచి 20 వేల మంది ఎర్రసైనిక ఖైదీలు టైఫస్ జ్వరంతో, ఆకలితో, చలితో చచ్చిపోయారు. 2004లో రష్యా, పోలెండ్ చరిత్రకారులు కలిసి ప్రచురించిన పత్రాల్లోనే ఈ లెక్క ఉంది. 1920 మేలో లండన్ రేవు కూలీలు పోలెండ్‌కి ఆయుధాలు మోసుకెళ్లే జాలీ జార్జ్ ఓడకి సరుకు ఎత్తేది లేదని భీష్మించారు. వాళ్లేమీ తెలియక చెయ్యలేదు. తాతగారి కోపానికి కారణం ఉంది.

వేగావతి:
మాస్టారూ, భూమి సంగతి తాతయ్యకి చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి ఆ ఉక్రెయిన్ వాళ్లనేం చేశారో అడుగు" అన్నారు.

పార్వతీపురం మాస్టారు:
అడగవలసిన ప్రశ్నే అడిగారు. గట్టు గారు చెప్పిన ఖైదీల మాట కూడా కొట్టిపారెయ్యడానికి లేదు. పోలిష్ ఖైదీలూ అవతల శిబిరాల్లో పోయారు, అయినా ఒకదానికి ఇంకోటి చెల్లు కాదు.

1921 మార్చి 18న లాత్వియా రాజధాని రీగాలో సంధి కుదిరింది. ఉక్రెయిన్‌ని పోలెండ్, సోవియట్లు పంచుకున్నాయి. కీవ్ దాకా తోడొచ్చిన పెట్ల్యూరా సైనికుల్ని పోలెండే ముళ్లకంచెల మధ్య పెట్టింది. ఆ మేలో పిల్సూద్‌స్కీ కలీష్ దగ్గరి శిబిరానికి వెళ్లి ఆ ఆఫీసర్ల ముందు నిలబడి క్షమించమని అడిగాడు. అడిగినందుకు ఆ మనిషి మీద నాకు గౌరవం ఉంది. వాళ్ల దేశం మాత్రం వాళ్లకి దక్కలేదు. రీగాలో గీసిన సరిహద్దు 1939 సెప్టెంబరు 17న సోవియట్ సైన్యం లోపలికొచ్చేదాకా నిలిచింది. 1945 తర్వాత పోలెండ్ తూర్పు గీత ఇంచుమించు కర్జన్ చెప్పిన చోటికే వచ్చింది. మీ తమ్ముడు ఈ రోజు చూస్తున్న సరిహద్దు అదే.