1934 చట్టం కింద పెన్షన్ రాని ఐరిష్ పల్లెటూరి వలంటీర్: పోరాడనట్టేనా?

పాతఫైలు:
"పెన్షన్ రాలేదంటే ఏమీ చెయ్యలేదనే" అని నిన్న ఇక్కడ ఒకాయన తేల్చేశారు. మాట 1919–21 ఐర్లాండ్ స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసిన పల్లెటూరి ఐఆర్‌ఏ (బ్రిటన్ మీద పోరాడిన ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) వాళ్ల గురించి. నాకైతే ఆ తీర్పు మింగుడుపడలేదు. 1924 పెన్షన్ చట్టం, బ్రిటన్‌తో 1921లో కుదిరిన ఒప్పందం మీద ఐరిష్ వాళ్లే రెండుగా చీలి కొట్టుకున్న 1922–23 అంతర్యుద్ధంలో ప్రభుత్వ సైన్యంలో పనిచేసినవాళ్లకే పెన్షన్ ఇచ్చింది. ఒప్పందాన్ని ఎదిరించినవాళ్లు, కుమన్ నా మాన్ (ఐఆర్‌ఏకి తోడుగా పనిచేసిన మహిళా సంఘం) ఆడవాళ్లు 1934లో డి వలేరా ప్రభుత్వం ఇంకో చట్టం తెచ్చేదాకా గుమ్మం బయటే. 1949లో తలుపు మరోసారి తెరిచారు. 1957 నాటికి ఈ చట్టాల కింద సుమారు 82,000 మంది దరఖాస్తు పెడితే మంజూరైంది దాదాపు 15,700 మందికి. మిగతా 66,000 మందీ అబద్ధాలకోరులేనా?

కత్తెర:
అందరూ అని నేనూ అనను. కానీ బ్రిటన్‌తో కాల్పుల విరమణ 1921 జులై 11 మధ్యాహ్నం మొదలైంది. తుపాకులు ఆగాక, ప్రాణభయం పోయాక వచ్చి చేరినవాళ్లు బోలెడుమంది. వాళ్లకి ఐరిష్ వాళ్లే "ట్రూసిలియర్లు" (ట్రూస్ అంటే విరమణ) అని ఎగతాళి పేరు పెట్టారు. పెళ్లి అయిపోయాక వచ్చినవాడికి కూడా భోజనం పెడతారేమో గానీ, పెళ్లి పెద్ద అని సంభావన ఇవ్వరు కదా. జల్లెడ పట్టకపోతే ఖజానా ఏం కావాలి?

లెడ్జర్:
జల్లెడ ఎలా పట్టారో తెలియకుండా వాదిస్తే ఇద్దరిదీ గాలి మాటే. 1934 ఫారమ్‌లో సర్వీసు కాలాన్ని ముక్కలు చేశారు. 1916 ఏప్రిల్ నుంచి ఏప్రిల్ 1–మార్చి 31 లెక్కన ఏడాదికో ముక్క. తర్వాత 1921 ఏప్రిల్ 1 నుంచి జులై 11 దాకా ఒకటి, జులై 12 నుంచి 1922 జూన్ 30 దాకా ఒకటి, ఆపైన అంతర్యుద్ధానివి రెండు. ప్రతి ముక్కకీ ఏ కంపెనీ (ఊరి స్థాయి దళం), ఏ బెటాలియన్, పైఅధికారి ఎవరు, ఏ ఆపరేషన్‌లో ఉన్నావు, ఎప్పుడు లేవు అని విడివిడిగా రాయాలి. ఆపైన అడ్వైజరీ కమిటీ ముందు ప్రమాణం చేసి వాంగ్మూలం. ప్రశ్న, జవాబు టైపు చేసి ఫైల్లో పెట్టారు. పాత బ్రిగేడ్ అధికారుల అభిప్రాయం అడిగేవారు. చివరి మాట రెఫరీది, అంటే దరఖాస్తుల మీద తీర్పు చెప్పడానికి పెట్టిన అధికారిది.

పల్లెటూరి మనిషి జారిపడేది ఎక్కువగా ఒక్క మాట మీద: "యాక్టివ్ సర్వీస్". ఆ మాటకి అర్థం ఏమిటో చట్టం చెప్పలేదు. ఉన్నదల్లా రెఫరీ మనసులోని గీతే.

కొండదారి:
ఆ గీత దగ్గరే నా పేచీ. ఐర్లాండ్ నైరుతి మూలనున్న వెస్ట్ కార్క్ చూడండి. 1920 నవంబర్ 28న కిల్‌మైకెల్‌లో మాటు వేసింది సుమారు 36 మంది రైఫిళ్లవాళ్లు. వాళ్ల చుట్టూ కాపలా స్కౌట్లు, అన్నం పెట్టిన ఇళ్లు, కబురు మోసినవాళ్లు ఎంతమంది? ఫ్లయింగ్ కాలమ్ (ఊరూరా తిరుగుతూ దాడులు చేసే సాయుధ దళం) రోజుల తరబడి ఒక ఊళ్లో నిలవాలంటే ఆ ఊరి కంపెనీ రాత్రంతా మేలుకోవాల్సిందే.

రోడ్డు తవ్వడమే తీసుకోండి. అడ్డంగా గొయ్యి తీసేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. రైతుల గుర్రబ్బండి పోయేంత సందు వదిలి, లారీ పోకుండా చూడాలి. బ్రిటిష్ సైన్యం లారీల్లో పలకలు వేసుకొచ్చి గొయ్యి మీద పరిచి దాటడం మొదలెట్టింది. దాంతో పలక ఆనకుండా గోతులు వంకరటింకరగా తియ్యాల్సి వచ్చింది. తెల్లారితే సైనికులు అదే ఊరివాళ్లని తుపాకీ చూపించి పూడ్పించేవాళ్లు. మర్నాడు రాత్రి మళ్లీ పార పట్టాలి. ఇంత చేసినవాడు కమిటీ ముందుకొస్తే అడిగేది, "నువ్వు ఏ దాడిలో కాల్చావు?" అని. "రోడ్లు తవ్వాను, చెట్లు నరికాను" అంటే రొటీన్ పని కింద కొట్టిపారేసేవారు.

కత్తెర:
రోడ్డు తవ్వినవాడికల్లా ఇస్తే ఊరంతటికీ ఇవ్వాలి. ఇవ్వకపోవడానికి అదే కారణం.

కొండదారి:
అదండీ నేననేది! డబ్బు చాలక గీత పైకి గీశారని చెప్పండి, ఒప్పుకుంటా. గీత కింద ఉన్నవాడు అబద్ధాలకోరు అనకండి. అది ఖజానా లెక్క, చరిత్ర కాదు.

లెడ్జర్:
ఆ డబ్బు కూడా ఎంతో చూడండి. అట్టడుగు గ్రేడ్ 'ఇ'. సర్వీసు ఏడాదికి 5 పౌండ్లు. నాలుగేళ్లు ఒప్పుకుంటే సంవత్సరానికి 20 పౌండ్లు. అప్పటి వృద్ధాప్య పెన్షన్ గరిష్ఠం వారానికి 10 షిల్లింగులు, అంటే ఏడాదికి 26. దొంగలెక్కలు రాసి కోటలు కట్టుకునే సొమ్మేం కాదిది. పైగా ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లకి కోత ఉండేది.

సూర్యకాంతం_కాదు:
ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం? మార్గరెట్ స్కిన్నిడర్ 1916 ఈస్టర్ వారంలో డబ్లిన్‌లో తుపాకీ దెబ్బలు తిన్న మనిషి. అందులో ఎవరికీ అనుమానం లేదు. 1925లో గాయాల పెన్షన్ అడిగితే, చట్టంలో 'సైనికుడు' అంటే మగవాడే అని న్యాయ సలహా తెచ్చి కాదన్నారు. పెన్షన్ వచ్చేసరికి 1938. 1934 చట్టం వచ్చాక కూడా ఆడవాళ్లకి డి, ఇ గ్రేడ్లు దాటనివ్వలేదు. ఫైలు మీద "లేదు" అని రాసినంత మాత్రాన దెబ్బ తగలనట్టా?

కత్తెర:
ఆమె కేసు 1923 చట్టం కిందిది, గాయాలకి సంబంధించింది. 1934 రెఫరీ తీర్పులతో కలపకండి. కాకపోతే "లేదు" అన్న మాటకి కారణం చూడాలన్నంతవరకు సరే.

వరంగల్_వాసి:
మన స్వతంత్రతా సైనిక్ సమ్మాన్ పెన్షన్‌లోనూ ఇదే తలనొప్పి. ఆరు నెలల జైలు చూపించాలి, జైలు రికార్డు దొరక్కపోతే తోటి ఖైదీల ధ్రువపత్రం తేవాలి. నిజాం మీద పోరాడి సరిహద్దు శిబిరాల్లో ఉన్నవాళ్లకి ఇంకా కష్టం. క్రిమినల్ కేసులో అడిగేంత రుజువు ఇక్కడ అడగొద్దని సుప్రీంకోర్టు 2001లో గుర్‌దయాళ్ సింగ్ కేసులో చెప్పింది. ఐర్లాండ్‌లో రెఫరీకి అలా చెప్పినవాళ్లు లేరా?

లెడ్జర్:
పోలిక బానే ఉంది గానీ రికార్డు తేడా చూడండి. జైలుకి రిజిస్టర్ ఉంటుంది. రాత్రి రోడ్డు తవ్వినవాడికి ఏం ఉంటుంది? కాగితం దొరికితే జైలే కాబట్టి కంపెనీలు కాగితం ఉంచుకునేవి కావు. నామినల్ రోల్స్ (కంపెనీల సభ్యుల పేర్ల జాబితాలు) అన్నవి 1935 తర్వాత పాత అధికారులు కూర్చుని జ్ఞాపకం మీద రాసినవే. అది కూడా ఈ పెన్షన్ల కోసమే. అంతర్యుద్ధంలో విడిపోయి మాటలు మానేసినవాళ్లు ఒకరి పేరు ఒకరు రాయాలి. ఎవరి పేరు ఎందుకు జారిందో ఊహించుకోండి.

కత్తెర:
అయినా ఆ రోల్స్‌లోనే నాకో పట్టు దొరుకుతుంది. అవి రెండు తేదీలకి రాశారు: 1921 జులై 11, 1922 జులై 1. పేరు రెండోదాంట్లోనే ఉండి మొదటిదాంట్లో లేకపోతే అనుమానించక తప్పదు.

పాతఫైలు:
అనుమానించండి, కానీ ఆపేయకండి. ఈ ఫైళ్లు డబ్లిన్ కాథల్ బ్రూహా బ్యారక్స్‌లోని మిలిటరీ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2014 నుంచి విడతలవారీగా ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. తిరస్కరించిన ఫైలు దొరికితే ముందు ప్రమాణ వాంగ్మూలం చదవండి, తీర్పు కాగితం తర్వాత. అతని కంపెనీ ఏ బ్రిగేడ్ కిందదో చూసి ఆ బ్రిగేడ్ యాక్టివిటీ రిపోర్ట్ తెరవండి. అందులో దాడివారీగా పేర్లుంటాయి, కొన్నిచోట్ల రోడ్లు అడ్డగించినవాళ్లవి కూడా. ఇంటిపేరు ఇంగ్లిష్ రూపంలోనూ ఐరిష్ రూపంలోనూ వెతకాలి. ఇది మర్చిపోయి "ఫైలే లేదు" అనుకునేవాళ్లు చాలామంది.

మెడల్ ఫైలు వేరు. 1917–21 సర్వీస్ మెడల్ 'కోమ్రాక్' (ఐరిష్‌లో పోరాటం) అని రాసిన బార్‌తో వస్తే యాక్టివ్ సర్వీసు ఒప్పుకున్నట్టు. బార్ లేకుండా వస్తే విరమణకి ముందు మూడు నెలలూ సభ్యుడే అన్నట్టు.

కత్తెర:
మెడల్స్ మొదట్లో పెద్దగా తనిఖీ లేకుండానే ఇచ్చేశారు. దాన్ని రుజువనకండి.

పాతఫైలు:
నిజమే. అందుకే స్పెషల్ అలవెన్స్ ఫైలు ఉందేమో చూడమంటాను. 1943 నుంచి బీదవాళ్లకి ఇచ్చారు. దానికి మెడల్ కావాలి కాబట్టి అప్పుడు ఆ మెడల్‌ని తిరిగి విచారించారు. పెన్షన్ రాని చాలామంది గురించి తోటివాళ్లు చెప్పిన సాక్ష్యం ఆ విచారణ కాగితాల్లోనే దొరుకుతుంది.

కొండదారి:
అసలు దరఖాస్తే పెట్టనివాళ్లు కూడా ఉన్నారండోయ్. ఒప్పందంతో పుట్టిన ఆ రాజ్యం డబ్బు ముట్టనన్న పట్టుదల వాళ్లది. వాళ్లని ఏ లెక్కలో వేస్తారు, కత్తెర గారూ?

కత్తెర:
వాళ్ల మీద నాకు కత్తెర లేదు. పెట్టి, ఓడి, ఫైల్లో సంతకం ఉన్నవాళ్ల గురించే నా మాట. బ్రిగేడ్ రిపోర్ట్ తెరిచి చూశాక మళ్లీ వస్తా.